ఉద్దానానికి కావలసిన ఇంజనీర్లు

(యల్లాప్రగడ సుబ్బారావు గారి స్మృతిలో, టెక్కలిలో ఇంజనీరింగ్, పారామెడికల్ విద్యార్థుల ముందు చేసిన ఉపన్యాసానికి ముద్రిత పాఠం)



యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు వినగానే మందులు గుర్తొస్తాయి. ఫోలిక్ యాసిడ్, బోదకాలుకు వాడే హెట్రజాన్, కేన్సర్ వైద్యంలో నేటికీ నిలిచిన మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ - ఇవన్నీ లెడర్లే ప్రయోగశాలల్లో ఆయన నడిపిన పరిశోధనల నుంచి వచ్చినవే. అన్నదమ్ములను స్ప్రూ అనే జబ్బుకు పోగొట్టుకున్న మనిషి, 1940లలో ఆ జబ్బుకే పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ను తన బృందం చేత తయారు చేయించారు. అయితే ఈ వేదిక మీద ఆయన్ని నేను తలుచుకునేది అంతకు ముందరి పని కోసం.

1895లో భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, 1922లో ఆయన బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర పనిచేస్తూ, 1925లో రక్తంలోనూ మూత్రంలోనూ ఉండే ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ఆయనతో కలిసి ప్రకటించారు. నమూనాలోని ఫాస్ఫేట్‌కు ఆమ్లంలో మాలిబ్డేట్ కలిపి, దాన్ని క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. ఆ చిక్కదనాన్ని కొలిస్తే ఫాస్ఫరస్ లెక్క తేలుతుంది. పలాసలో జీడిపప్పును చేతిలోకి తీసుకోగానే రంగు చూసి గ్రేడు కట్టే అమ్మలు చేసే పని లాంటిదే ఇది. తేడా ఒక్కటే, కంటి అంచనా ఉన్న చోట ఒక అంకె వచ్చి చేరింది.

ఆ అంకె చేతికి వచ్చాక ఏం జరిగిందో చూడండి. కండరాలను పరీక్షిస్తుంటే లెక్కకు అందని ఫాస్ఫరస్ ఒకటి కనబడింది. దాని వెంట పడితే 1927లో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. 1929లో ఏటీపీ బయటపడింది. ఇక ఈ ప్రాంతం వాళ్లు తప్పక తెలుసుకోవలసిన సంగతి: కండరాల్లోని ఆ ఫాస్ఫోక్రియాటిన్, క్రియాటిన్‌లే రోజూ కొంత కొంత మారి క్రియాటినిన్ అవుతాయి. కిడ్నీ జబ్బు పీడించే ఈ ఉద్దానంలో, మూత్రపిండాల పనితీరు చెప్పే అంకెగా, ఏ ఇంటి అరుగు మీద కూర్చున్నా వినబడే మాట అది. అక్షరం ముక్క రాని పెద్దలు కూడా "నీ క్రియాటినిన్ ఎంతొచ్చింది?" అని పలకరించుకునే నేల ఇది. భీమవరం మనిషి బోస్టన్‌లో తవ్విన రసాయనం, కవిటి, మందస మనుషుల చీటీల మీద అంకెగా కూర్చుంది.

ఈ రోజు నేను చెప్పదలచింది సూటిగా చెబుతాను. వైద్యానికి దగ్గరగా ఉండే ఇంజనీరింగ్ ఉద్యోగం ఎక్కడో దూరదేశంలో ఉందనుకుంటున్నాం. దేశంలో ఆ పని అత్యవసరంగా కావలసిన చోట్లలో ఒకటి ఇదే. సరిగా కొలవడం, నీటిని శుద్ధంగా ఉంచడం, యంత్రాన్ని ఆగనివ్వకపోవడం - ఈ మూడు పనుల మీద ఇక్కడ వేలమంది ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి. ఈ మూడింటికీ చదువుకున్న మనుషులు కావాలి. వాళ్లకు గౌరవమైన కొలువు, నిలకడైన జీతం కావాలి.

1. జబ్బు ఎక్కడుందో అక్కడే చదువు

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. కొబ్బరి, జీడి, పనస తోటలతో శ్రీకాకుళం జిల్లాకే పచ్చదనం ఇచ్చిన ఈ ఉద్దానం మండలాల్లో దశాబ్దాలుగా మూత్రపిండాలు దెబ్బతింటున్నాయి. పెద్ద నగరాల్లో కిడ్నీ జబ్బుకు ఎక్కువగా షుగర్, బీపీ కారణం. ఇక్కడ ఆ రెండూ లేని రైతుకు, కూలీకి, జాలరికి వస్తోంది. కాళ్లకు వాపు రాదు, మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, నొప్పి తెలియదు. మూత్రపిండంలోని సన్నటి గొట్టాలు, వాటి చుట్టూ ఉండే కణజాలం లోలోపల పాడవుతూ ఉంటాయి. మనిషికి ఆయాసం, వాంతులు మొదలయ్యేసరికి మూత్రపిండాల శక్తిలో ఎక్కువ భాగం పోయి ఉంటుంది.

ఈ కష్టం మనదొక్కరిదే కాదు. శ్రీలంకలో అనురాధపురం చుట్టుపక్కల వరి రైతులకు, ఎల్ సాల్వడార్, నికరాగువాల్లో చెరకు నరికే కూలీలకు ఇలాంటి జబ్బే ఉంది. ఎండలో గంటల తరబడి శ్రమ, ఒంట్లో నీరు తగ్గిపోవడం, నొప్పి మాత్రలు, పురుగుమందులు, భూగర్భజలంలోని ఖనిజాలు, వంశపారంపర్యం - అనుమానాలు చాలా ఉన్నాయి. ఏ ఒక్కటీ రుజువు కాలేదు. అందుకే వైద్యశాస్త్రం దీన్ని కారణం తెలియని దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి అంటోంది.

కారణం తేలలేదని చేతులు కట్టుకుని కూర్చోలేదు. డయాలిసిస్ మీద ఉన్నవారికి ప్రభుత్వం నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తోంది. పలాస, సోంపేట, టెక్కలి ఆసుపత్రుల్లో డయాలిసిస్ కేంద్రాలు నడుస్తున్నాయి. 2023 డిసెంబర్ 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం రిజర్వాయర్ నుంచి వంశధార నీటిని శుద్ధి చేసి ఉద్దానం ఊళ్లకు పైపుల్లో తెచ్చే పథకానికి సుమారు 700 కోట్ల రూపాయలు ఖర్చయింది. భవనం వచ్చింది, యంత్రాలు వచ్చాయి, గొట్టాలు వచ్చాయి. వీటిని ఇరవై ముప్ఫై ఏళ్లు సరిగా నడిపే మనుషులు ఎవరు? ఆ ప్రశ్నకు జవాబు ఈ హాల్లోనే ఉండాలని నా కోరిక.

2. కొలత

క్రియాటినిన్‌ను కొలవడానికి ఎక్కువ ల్యాబుల్లో వాడే పద్ధతికి 1886లో మాక్స్ జాఫే పునాది వేశారు. క్షార ద్రావణంలో పిక్రిక్ ఆమ్లంతో క్రియాటినిన్ కలిస్తే నారింజ ఎరుపు రంగు వస్తుంది. చవక, తేలిక. దాని బలహీనత ఏమిటంటే రక్తంలోని గ్లూకోజ్, కీటోన్లు, కొన్ని మందులు కూడా ఆ రంగును కొంత మార్చగలవు. ఎంజైమ్ పద్ధతి మరింత కచ్చితం, కాని ఖరీదు.

చిన్న తేడా వస్తే ఏమవుతుందో లెక్క వేద్దాం. 45 ఏళ్ల మగమనిషి. అసలు క్రియాటినిన్ 1.2. నేడు ఎక్కువమంది వాడే 2021 నాటి సీకేడీ-ఎపీ సూత్రంలో పెడితే అతని మూత్రపిండాల వడపోత వేగం 76 వస్తుంది. ఎనలైజర్ సరిగా క్యాలిబ్రేట్ కాక 1.5 చూపించిందనుకోండి. అదే సూత్రంలో 58 వస్తుంది. 60 కంటే తగ్గి, మూడు నెలల పాటు అలాగే ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధిగా గుర్తిస్తారు. అంటే 0.3 పొరపాటు ఆరోగ్యవంతుణ్ణి రోగుల జాబితాలో పడేస్తుంది. అదే పొరపాటు రెండో వైపుకు జరిగితే రోగిని ఆరోగ్యవంతుడని ఇంటికి పంపిస్తుంది. ఒక మండలం మొత్తాన్ని అదే మిషన్ మీద పరీక్షిస్తే, ఆ మండలం లెక్కే తప్పుతుంది. ఆ లెక్క మీద కారణాలు వెతికే శాస్త్రవేత్త దారి కూడా తప్పుతుంది.

ఇంకో సంగతి. క్రియాటినిన్ కండరం నుంచి వస్తుందని చెప్పాను. బక్కచిక్కిన మనిషికి కండ తక్కువ కాబట్టి, మూత్రపిండం దెబ్బతిన్నా అంకె మామూలుగానే కనబడవచ్చు. జీడి బట్టీల్లో, తోటల్లో పనిచేసే సన్నటి ఆడవాళ్ల విషయంలో ఇది మరీ జాగ్రత్తగా చూడాలి. అంకె ఎలా పుడుతుందో తెలిసినవాడికే ఆ అంకెను ఎంత నమ్మాలో తెలుస్తుంది.

రక్తం తీసిన చోటుకూ ల్యాబుకూ మధ్య దారిని కూడా చూడండి. మందస కొండ కింద పల్లెలో ఉదయం తీసిన రక్తం, సీరం వేరు చేయకుండా మధ్యాహ్నం దాకా జీపులో తిరిగితే, ఎర్రకణాల నుంచి పొటాషియం బయటికి కారుతుంది. రిపోర్టులో పొటాషియం ప్రాణాంతకమైన స్థాయిలో కనబడవచ్చు. కిడ్నీ రోగికి పొటాషియం నిజంగా పెరిగితే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది కాబట్టి డాక్టరు దాన్ని తేలిగ్గా తీసుకోలేరు. రోగిని హడావిడిగా శ్రీకాకుళమో విశాఖపట్నమో పంపిస్తారు. పల్లెలోనే ఒక చిన్న సెంట్రిఫ్యూజ్, దాన్ని తిప్పడానికి నికరమైన కరెంటు, ట్యూబు మీద తీసిన సమయం రాసే అలవాటు ఉంటే ఆ ప్రయాణం తప్పేది. ఇందులో గొప్ప ఆవిష్కరణ ఏమీ లేదు. ఉన్నదల్లా ఇంజనీరింగ్ క్రమశిక్షణ.

రోజూ పొద్దున్న, విలువ ముందే తెలిసిన కంట్రోల్ సీరాన్ని నడిపి, వచ్చిన అంకెను చార్టు మీద చుక్కగా పెట్టే టెక్నీషియన్ ఉంటాడు. ఆ చుక్కలు నాలుగు రోజులుగా ఒకవైపే జరుగుతున్నాయని గమనించి రిపోర్టులు ఆపేవాడు, నా దృష్టిలో, ఆపరేషన్ చేసిన సర్జన్‌తో సమానంగా ప్రాణం నిలిపినవాడు.

3. నీరు

ఉద్దానంలో నీటి గురించి మాట్లాడని ఇల్లు లేదు. తాగే నీటి సంగతి అందరికీ తెలుసు. డయాలిసిస్‌కు వాడే నీటి సంగతి చాలామందికి తెలియదు.

ఒక్క సిటింగ్ నాలుగు గంటలు. డయలైజర్ గుండా నిమిషానికి అర లీటరు డయాలిసిస్ ద్రవం ప్రవహిస్తుంది. అంటే సిటింగ్‌కు 120 లీటర్లు. వారానికి మూడు సిటింగులైతే 360 లీటర్లు. మామూలు మనిషి వారమంతా తాగే నీరు 14 లీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. మనం తాగే నీటికి పేగు గోడ కాపలా ఉంటుంది. డయాలిసిస్ నీటికీ రక్తానికీ మధ్య ఒక పల్చటి పొర తప్ప ఏ అడ్డూ లేదు. మూత్రపిండం పనిచేయదు కాబట్టి, లోపలికి వచ్చిన చెడును బయటికి తోసే దారి కూడా ఆ మనిషికి లేదు.

కుళాయి నీటిలో క్లోరిన్ ఉండాలి. అది లేకపోతే కలరా, టైఫాయిడ్. తాగునీటికి మన జాతీయ ప్రమాణం ప్రకారం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. డయాలిసిస్ నీటిలో మొత్తం క్లోరిన్ 0.1 మిల్లీగ్రాము దాటకూడదు. దాటితే ఎర్రకణాలు పగిలిపోతాయి. పంచాయతీ ట్యాంకు దగ్గర ప్రాణం కాపాడిన మందే ఆసుపత్రిలో విషం అవుతుంది. మధ్యలో కార్బన్ ట్యాంకు అనే నిలువాటి సిలిండర్ నిలబడి ఆ క్లోరిన్‌ను పట్టుకుంటుంది. దానిలోని బొగ్గు ఎప్పుడు అయిపోతుందో బయటికి తెలియదు. నీటి రంగు మారదు, వాసన రాదు. ప్రతి షిఫ్టుకు ముందు పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

డయాలిసిస్ వార్డు వెనకాల ఉండే ఆర్వో గదిలోకి విద్యార్థులు ఒకసారి వెళ్లి చూడాలి. ముందు ఇసుక ఫిల్టరు, తర్వాత ఉప్పుతో శుభ్రమయ్యే సాఫ్ట్‌నర్, ఆ తర్వాత కార్బన్, చివర ఆర్వో పొరలు. తెల్లవారుజామున వచ్చిన టెక్నీషియన్ మొదట పంపు చప్పుడు వింటాడు. ప్రెషర్ గేజీలు రెండూ చూసి వాటి మధ్య తేడా నిన్నటి కంటే పెరిగిందా అని రిజిస్టరులో రాస్తాడు. కార్బన్ తర్వాత కుళాయి తిప్పి, చిన్న సీసాలో నీళ్లు పట్టి, క్లోరిన్ పరీక్ష చేస్తాడు. కండక్టివిటీ మీటరు చదువుతాడు. అప్పుడు గాని వార్డులో మిషన్లు ఆన్ కావు. బయట వరండాలో మొదటి షిఫ్టు రోగులు ఇంటి నుంచి తెచ్చుకున్న దుప్పట్లతో కూర్చుని ఉంటారు. ఈ ఇరవై నిమిషాల పని వాళ్లలో ఎవరికీ కనబడదు.

ఆ పని జరగకపోతే ఏమవుతుందో ప్రపంచం చూసింది. 1996లో బ్రెజిల్‌లోని కరువారు పట్టణంలో ఒక డయాలిసిస్ కేంద్రానికి జలాశయపు నీరు సరిగా శుద్ధి కాకుండా చేరింది. ఆ జలాశయంలో పెరిగిన నీలి ఆకుపచ్చ నాచు వదిలిన మైక్రోసిస్టిన్ అనే విషం రోగుల రక్తంలోకి వెళ్లింది. కాలేయాలు దెబ్బతిని యాభై మందికి పైగా చనిపోయారు. మనమూ ఇప్పుడు జలాశయపు నీటికి మారాం. అది మంచి మార్పు, ఎంతో కాలంగా ఈ జనం అడిగిన మార్పు. భయపడవలసిన పని లేదు. కాని బోరు నీటికి కట్టిన శుద్ధి పద్ధతి రిజర్వాయర్ నీటికి యథాతథంగా సరిపోదని తెలిసిన ఇంజనీరు ఒకరు ప్రతి కేంద్రానికీ ఉండాలి. వానాకాలంలో బురద, వేసవిలో నాచు, ఆ రోజుల్లో క్లోరిన్ మోతాదు పెంపు - ఇవన్నీ ఆర్వో గదికి ముందే తెలియాలి. నీటి పథకం ఇంజనీరుకూ ఆసుపత్రి టెక్నీషియన్‌కూ మధ్య ఒక ఫోన్ కాల్ ఏర్పాటు, ఎన్నో కోట్ల యంత్రాల కంటే విలువైనది.

4. యంత్రం

కృత్రిమ మూత్రపిండం యుద్ధకాలంలో పుట్టింది. నాజీల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో, కాంపెన్ అనే చిన్న ఊళ్లో, విలెమ్ కోల్ఫ్ అనే డాక్టరు 1943లో చెక్క డ్రమ్ముకు సెల్లోఫేన్ గొట్టం చుట్టి మొదటి యంత్రం కట్టారు. మొదటి రోగులు దక్కలేదు. 1945లో ఒకామె బతికింది. అయినా అది కొద్ది రోజుల గండం గట్టెక్కించే యంత్రంగానే మిగిలింది, ఎందుకంటే ప్రతిసారీ కొత్తగా రక్తనాళం కోయాలి. 1960లో సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ అనే డాక్టరు, వేన్ క్వింటన్ అనే ఇంజనీరుతో కలిసి టెఫ్లాన్ గొట్టంతో ఆ సమస్య తీర్చారు. అక్కడి విశ్వవిద్యాలయంలోనే అణు ఇంజనీరింగ్ ప్రొఫెసర్ ఆల్బర్ట్ బాబ్, 1964లో ఒక టీనేజ్ అమ్మాయి కోసం ఇంట్లో పెట్టుకోగల డయాలిసిస్ యంత్రం తయారు చేశారు. ఆ అమ్మాయిని పరిమిత సీట్లున్న కేంద్రం తీసుకోలేదు. బాబ్ గారి దగ్గర బయోమెడికల్ డిగ్రీ లేదు. రసాయన ప్రవాహాలను కచ్చితంగా కలపడం, అదుపు చేయడం తెలుసు. ఆ తెలిసినదాన్ని ఒక ప్రాణం కోసం వాడారు.

మన తెలుగు నేల మీద కూడా అలాంటి కలయిక జరిగింది. హైదరాబాద్ రక్షణ ప్రయోగశాలల్లో పనిచేసిన అబ్దుల్ కలాం గారు, గుండె వైద్యులు సోమరాజు గారు కలిసి 1990లలో కలాం-రాజు స్టెంట్ తెచ్చారు. క్షిపణి కోసం తయారైన తేలికైన కాంపోజిట్ పదార్థంతో నిమ్స్‌లో పోలియో పిల్లలకు కాలిపర్లు చేయించారు. కిలోల బరువు మోస్తూ ఈడ్చుకు నడిచిన పిల్లలకు 300 గ్రాముల కాలిపర్ వచ్చింది. క్షిపణి ఇంజనీరు ఆసుపత్రి వార్డులోకి ఒక్కసారి అడుగు పెడితే ఏం జరుగుతుందో చెప్పడానికి అంతకు మించిన ఉదాహరణ నాకు తెలియదు.

ఇక మన మిషన్ల సంగతి. డయాలిసిస్ మిషన్ చేసే పని తేలిగ్గా చెప్పవచ్చు: రక్తాన్ని పంపు చేయాలి, ద్రవాన్ని సరైన పాళ్లలో కలపాలి, ఒంటి వేడికి వెచ్చబెట్టాలి, అదనపు నీటిని లెక్కగా తీయాలి. ఈ నాలుగింటిలో ఏది తప్పినా అలారం మోగాలి. రక్తపు గొట్టంలో గాలి బుడగ కనబడితే క్లాంపు తక్షణం మూసుకోవాలి. అలారం ఇచ్చే సెన్సరును ఎవరు, ఎప్పుడు పరీక్షించారు? ఆ తేదీ మిషన్ మీద స్టిక్కరులో ఉందా? ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఇంజనీరింగ్ విద్యార్థి మొదట చూడవలసింది ఆ స్టిక్కరు.

ప్రభుత్వ ఆసుపత్రుల యంత్రాల నిర్వహణకు జాతీయ ఆరోగ్య మిషన్ 2015లో ఒక కార్యక్రమం తెచ్చింది. జిల్లా ఆసుపత్రుల్లో యంత్రాలు 95 శాతం కాలం పనిచేయాలన్నది దాని లక్ష్యం. మంచి లక్ష్యం. కాని లెక్క చూడండి: మిగిలిన ఐదు శాతం అంటే ఏడాదికి 18 రోజులు. ఎక్స్‌రే మిషన్ 18 రోజులు ఆగితే ఇబ్బంది. రోజు విడిచి రోజు వచ్చే డయాలిసిస్ రోగికి ఆ 18 రోజులు వరసగా వస్తే ప్రాణాపాయం. అందుకే ఉద్దానంలో శాతాలతో తృప్తి పడకూడదు. విడి భాగాలు పలాసలోనే ఉండాలి, వాటిని మార్చగల మనిషి కూడా పలాసలోనే ఉండాలి.

తుఫాను సంగతి ఈ తీరానికి ఎవరూ నేర్పనక్కర్లేదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి, కరెంటు స్తంభాలు వరసగా కూలాయి, ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. డయాలిసిస్‌కు వాయిదా ఉండదు. ఇక్కడ కట్టే ప్రతి కేంద్రంలో జనరేటరు వార్డు లైట్లకు, మిషన్లకే కాక ఆర్వో పంపుకు కూడా సరిపోవాలి. ట్యాంకులో రెండు రోజుల నీరు ఉండాలి. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజే రోగులకు ముందస్తు సిటింగులు ఇచ్చే పట్టిక సిద్ధంగా ఉండాలి. ఇది ఈఈఈ విద్యార్థి చివరి ఏడాది ప్రాజెక్టుగా చేయదగ్గ పని.

5. ఏ చదువు, ఏ పని

తల్లిదండ్రులు అడిగే ప్రశ్న నాకు తెలుసు: "బాబూ, ఇందులో ఉద్యోగాలున్నాయా?" సమాధానం వివరంగా చెబుతాను.

బయోమెడికల్ ఇంజనీరింగ్ బ్రాంచి చదివే అవకాశం ఉస్మానియా లాంటి విశ్వవిద్యాలయాల్లో ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లో ఆ విభాగం పరిశోధన స్థాయి వరకూ ఉంది. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర సంస్థ, దేశీయ గుండె కవాటాన్ని తయారు చేసి రోగులకు అమర్చిన చోటు, డాక్టర్లనూ ఇంజనీర్లనూ ఒకే కప్పు కింద కూర్చోబెట్టింది. గేట్ పరీక్షలో 2020 నుంచి బయోమెడికల్ ఇంజనీరింగ్‌కు విడిగా పేపరు ఉంది. ఆ బ్రాంచి దొరకనంత మాత్రాన దారి మూసుకుపోదు. టెక్కలి ఆదిత్య కాలేజీలో, ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలో ఈసీఈ చదివేవారు సెన్సర్ల వైపు, మెకానికల్ వారు పంపులు, గొట్టాల వైపు, సివిల్, కెమికల్ వారు నీటి శుద్ధి వైపు, కంప్యూటర్ సైన్స్ వారు రోగుల రికార్డుల వైపు రావచ్చు. ఒక షరతు ఉంది: శరీరశాస్త్రం కొంతైనా చదవాలి. మూత్రపిండం ఏం చేస్తుందో తెలియకుండా దాని బదులు పనిచేసే యంత్రాన్ని ముట్టుకోకూడదు.

పరిశ్రమ కూడా మారింది. 2017 నాటి వైద్య పరికరాల నిబంధనలు 2018 జనవరి నుంచి అమలయ్యాయి. 2020 ఏప్రిల్ నుంచి దేశంలోని వైద్య పరికరాలన్నీ ఔషధ చట్టం పరిధిలోకి వచ్చాయి. దాంతో పరికరం తయారు చేసే ప్రతి కంపెనీకీ నాణ్యత, పరీక్ష, అనుమతుల వ్యవహారాలు చూసే ఇంజనీర్లు అవసరమయ్యారు. విశాఖపట్నంలో 2018లో ప్రారంభమైన మెడ్‌టెక్ జోన్‌లో తయారీ యూనిట్లతో పాటు పరీక్షా ప్రయోగశాలలు ఉన్నాయి. పలాస నుంచి రైలెక్కితే కొన్ని గంటల దూరం. మనం వాడే డయాలిసిస్ మిషన్లలో ఎక్కువ భాగం ఇంకా విదేశీ కంపెనీలవే కాబట్టి, దేశంలో తయారు చేయవలసినది చాలా మిగిలి ఉంది.

డయాలిసిస్ టెక్నాలజీ, ల్యాబ్ టెక్నాలజీ డిప్లొమాలు, డిగ్రీలు చదివే పిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. మీది ఇంజనీరు కంటే తక్కువ చదువని ఎవరన్నా నమ్మకండి. 2021లో అలైడ్ హెల్త్‌కేర్ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం వచ్చి, మీ వృత్తులకు దేశమంతా ఒకే ప్రమాణం, రిజిస్ట్రేషన్ తెచ్చే దారి వేసింది. డయాలిసిస్ కోసం సిద్ధం చేసిన రక్తనాళంలో, అంటే ఫిస్టులాలో, సూది గుచ్చే మీ చేతి నైపుణ్యం మీద రోగి రక్తనాళం ఎన్నేళ్లు నిలుస్తుందన్నది ఆధారపడి ఉంటుంది.

6. వెతకవలసిన కారణం

వైద్యం ఒక సగం. కారణం వెతకడం రెండో సగం. అందులోనూ ఇంజనీరుకు చోటుంది. ఎండ దెబ్బ అనుమానాన్నే తీసుకోండి. నికరాగువా చెరకు తోటల్లో కూలీలకు నీరు, నీడ, విరామం పద్ధతిగా ఇచ్చి, వారి మూత్రపిండాలను గమనిస్తూ వస్తున్నారు. మన జీడి తోటలో, ఉప్పు మళ్లలో, సముద్రం మీద పడవలో మనిషి మీద నిజంగా ఎంత వేడి పడుతోంది? వాతావరణ కేంద్రం చెప్పే ఉష్ణోగ్రత అది కాదు. తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు, నల్లటి గోళంలో పెట్టిన థర్మామీటరు, మామూలు థర్మామీటరు - ఈ మూడింటి అంకెలను 0.7, 0.2, 0.1 పాళ్లలో కలిపితే శ్రమ చేసే ఒంటి మీద పడే వేడి భారం తెలుస్తుంది. ఈ పరికరాన్ని మీ కాలేజీ ల్యాబులో మీరే కట్టగలరు. ఏడాది పొడవునా, మండలానికి కొన్ని చోట్ల, గంట గంటకూ కొలిచి పెడితే, ఆ లెక్కలు పలాస పరిశోధన కేంద్రానికే కాదు, అనురాధపురంలో ఇదే జబ్బును చదివే వారికీ పనికొస్తాయి.

కొలిచేటప్పుడు ఒక్క నియమం మరవకండి. రక్తం ఇచ్చిన మనిషికి ఫలితం తిరిగి చెప్పాలి. ఈ ఊళ్లకు నమూనాలు తీసుకోవడానికి వచ్చినవారు చాలామంది. రిపోర్టు ఏమైందని ఇప్పటికీ అడిగే పెద్దలున్నారు. వారి ఇంటి గుమ్మం దగ్గర నిలబడి, వారి మాటలో ఫలితాన్ని వివరించేవాడే పరిశోధకుడు.

7. మనందరి వంతు

పిల్లలను ఊరికి తిరిగి రండి అని పిలిస్తే చాలదు. వచ్చినవారికి కుర్చీ ఉండాలి. డయాలిసిస్ కేంద్రాలున్న ఆసుపత్రులన్నింటికీ కలిపి ఒక క్లినికల్ ఇంజనీరింగ్ విభాగం పలాసలో ఏర్పడాలి. ఏటేటా తెగిపోయే కాంట్రాక్టు మీద కాకుండా, ప్రమోషన్లున్న పోస్టులుగా ఏర్పడాలి. ఇంజనీరింగ్ కాలేజీలు విద్యార్థులను ఒక సెమిస్టర్ ఇంటర్న్‌షిప్ కోసం ఆర్వో గదికి, ల్యాబుకు పంపాలి. డాక్టర్లు వారిని వార్డు రౌండ్లలో వెంట తిప్పుకోవాలి. ఇంజనీరు "ఈ మిషన్ ఈ రోజు వాడకూడదు" అంటే ఆ మాట చెల్లాలి.

విద్యార్థులారా, ఈ ఏడాది ప్రాజెక్టు ఎంచుకునే ముందు దగ్గరలోని డయాలిసిస్ కేంద్రానికి అనుమతి తీసుకుని వెళ్లండి. అక్కడి టెక్నీషియన్‌ను "మీకు రోజూ ఇబ్బంది పెట్టేది ఏమిటి?" అని అడగండి. ఆయన చెప్పిన సమస్యే మీ ప్రాజెక్టు. అది పూర్తయ్యాక రిపోర్టును కాలేజీలో ఇచ్చి మార్కులు తీసుకోండి, పరికరాన్ని ఆ కేంద్రంలో పెట్టి బాధ్యత తీసుకోండి. మార్కులు ఒక్కసారే వస్తాయి. బాధ్యత మీ వృత్తి అవుతుంది.

సుబ్బారావు గారు కొలతతో మొదలుపెట్టి మందు దాకా వెళ్లారు. అందుకు ఆయనకు ఇరవై ఏళ్లు పట్టింది. ఉద్దానం జబ్బుకు కారణం, విరుగుడు కూడా అలాంటి ఓపిక నుంచే వస్తాయని నా నమ్మకం. ఆ ఓపిక ఉన్నవారు ఈ తోటల మధ్య పుట్టిన పిల్లల్లోంచే రావాలి. ఎందుకంటే ఫలితం కోసం ఇరవై ఏళ్లు ఎదురు చూడగలిగేది ఈ జనాన్ని తమవాళ్లుగా ఎరిగినవారే.